నదిలో నీళ్లు పెరిగాయా

భక్తపూర్‌లో, సూర్యవినాయక్ చౌరస్తా పక్కన
మా బ్రోకరు ఆఫీసు రెండో అంతస్తు.
కింద సెల్‌ఫోన్ల రిపేరు, పైన బ్యూటీ పార్లరు.
కౌంటరు వెనక నేను.

తామాఖోలా జలవిద్యుత్ కంపెనీ
ఒకటికొకటి బోనస్ ఇస్తుందట అన్న మాట
టీ కుర్రాడి చెవిన పడ్డాకే నా దాకా వచ్చింది.
తొమ్మిది వందల దగ్గర కునికిపాట్లు పడుతున్న ధర
దిగ్గున లేచి ముఖం కడుక్కుంది.
బుక్ క్లోజ్ నాటికి పన్నెండు వందల నలభై.
ఆ నాలుగు వారాలూ
మా మెట్ల మీద చెప్పులకి చోటు లేదు.

నేనూ కొన్నాను.
పన్నెండు వందల పదిహేను చొప్పున వంద కిట్టాలు,
సహకార సంఘంలో అప్పు తీసి.
లెక్కలు చెప్పే ఉద్యోగమే నాది.
అయినా "ఉచితం" అన్న మాట వింటే
చేయి బుర్రని అడగదు.

మర్నాడు పదకొండింటికి మార్కెట్ తెరిచారు.
తెర మీద ఆరు వందల ఇరవై.

న్హుచ్ఛే మాయ ప్రజాపతి
మోచేతుల దాకా ఆరిన మట్టితో వచ్చింది.
జుజు ధౌ పెరుగు తోడుపెట్టే మట్టిగిన్నెలు
వాళ్లింట్లోనే కాలుస్తారు.
"నా నలభై కిట్టాలు రాత్రికి రాత్రి సగమెలా అయ్యాయి బాబూ?
దొంగలు పడ్డా కొంచెం చప్పుడవుతుందే."

చెప్పాను: సగం కాలేదు దిదీ, రెండింతలయ్యాయి,
ఒక్కోటి సగం ధరకి.
కొత్త నలభై ఇంకా మీ ఖాతాలో పడలేదు,
లిస్టింగుకి నెలో, నెలన్నరో.
పన్ను మాత్రం ఇప్పుడే, రెండు వందలు.

ఆమె కౌంటరు మీద చూపుడువేలితో
కనపడని ముద్దనొకదాన్ని రెండుగా కోసింది.
"అంటే ఒక గిన్నె మట్టితో రెండు చేశారు.
చిన్నవి తొందరగా అమ్ముడుపోతాయి, అది నాకూ తెలుసు.
పెద్దది అడగడానికి మొహమాటపడేవాళ్లు
చిన్నవి రెండు పట్టుకుపోతారు."

వెనక బెంచీ మీద ట్యూషన్ మేష్టారు కేశర్ మాన్
సరిగ్గా అప్పుడే ఫారం నింపుతున్నాడు.
పన్నెండు వందలప్పుడు ఖరీదన్న మనిషి,
ఆరు వందలనగానే చవకంటున్నాడు.

"మరి నిన్నటిదాకా అంత ఎగబడ్డారెందుకు?"

కంపెనీకి ధైర్యం ఉందని, అన్నాను.
పంచేవాడి గాదెలో ఇంకా ఉందని
జనం నమ్ముతారు దిదీ.

కాసేపు ఊరుకుంది.
తర్వాత అడిగింది, ఎత్తిపొడుపేమీ లేకుండా,
పక్కింటి గేదె పాలిస్తోందా అన్నట్టు:
"నదిలో నీళ్లు పెరిగాయా?"

నా దగ్గర కంపెనీ ప్రకటన ఉంది,
పోయిన ఏడాది లాభనష్టాల పట్టీ ఉంది.
నది సంగతి ఏ కాగితంలోనూ లేదు.
ఫాల్గుణంలో ఆ ఏరు
రాళ్ల మధ్య జడపాయంత సన్నబడుతుందని
ఒకసారి బస్సు కిటికీలోంచి చూశాను.
ఆమెకు చెప్పలేదు.

ఆరు వారాలకి బోనస్ షేర్లు అందరి ఖాతాల్లోనూ పడ్డాయి.
అందరూ ఒక్కసారే గుమ్మం వైపు నడిచారు.
ఐదు వందల ఏడు.

న్హుచ్ఛే మాయ ఎనభైలో నలభై అమ్మింది,
బట్టీ మీద రేకుల కప్పు కోసం.
బోనస్ మాట పుట్టకముందు కంటే
ఆమెకి నాలుగు వేల చిల్లర ఎక్కువే.
నాకు ఇరవై వేల వంద తక్కువ, వడ్డీ కాక.
అవే షేర్లు. ఆమె వాటిని ఎప్పుడో, ఊసే లేనప్పుడు కొంది.
నేను మేళం విని పరుగెత్తాను.

ఇప్పుడు నా బల్ల మీద ఆమె ఇచ్చిన చిన్న గిన్నె ఉంది,
అంచు దగ్గర కాస్త పలచన.
పిన్నులు వేసుకుంటాను.

నిన్న టీ కుర్రాడు చెవిలో చెప్పాడు,
ఏదో బీమా కంపెనీ, మూడుకి ఒకటట.
ఛీ పొమ్మన్నాను.
వాడు మెట్లు దిగాక
బుక్ క్లోజ్ తేదీ వెతికి,
అరచేతిలో రాసుకున్నాను.